స్థానికులు కోరుతున్నారు

రాత్రి తొమ్మిదిన్నరకి
అరండల్‌పేటలో మా డెస్కు మీదికి
మండలాలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి.
ఫిరంగిపురంలో పిడుగు, పొన్నూరులో చోరీ,
యార్డులో మిరప ధర,
చదువుతుంటేనే గొంతులో గరగర.

నాది కత్తెర పని.
ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాని
సెంటీమీటర్లలో కొలుస్తున్నాను.

ఆ రోజు నాగుల్‌మీరా పంపింది పద్నాలుగు లైన్లు.
అతనికి జీతం లేదు,
అచ్చయిన మేరకే డబ్బు.
పగలు ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేస్తాడు,
పంద్రాగస్టుకి ప్రకటనలు అడుక్కుంటాడు,
ఎవరిని అడుక్కున్నాడో
మర్నాడు వాళ్ల మీదే రాయాల్సి వస్తుంది.

ఆ పద్నాలుగు లైన్లలో
ఒక మురుగు కాలవ, కొట్టుకుపోయిన తూము,
రొమ్ముల్లోతు నీళ్లలో
పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకున్న పిల్లలు,
ఒడ్డున ఒక వెదురు గడ.
గడ రాహేలుది.
పొద్దున్నే అందరికంటే ముందు తనే దిగి కొలుస్తుంది.
నీరు మూడో గాటు దాటితే
ఆ పూట కాలనీకి బడి లేదు.
"గంట అవతలొడ్డున హెడ్మాస్టరు కొడతాడు,
సెలవు మాత్రం నేనిస్తా" అందట.
ఆ మాట కూడా రాశాడతను.

బ్రాడీపేట చీరల కొట్టు ప్రకటన
పదకొండు కావస్తుండగా వచ్చింది, పావు పేజీ.
గడ తీసేశాను.
గాట్లు తీసేశాను.
రాహేలుని తీసేశాను.
మిగిలిన నాలుగు లైన్ల చివర
నా వేళ్లు వాటంతటవే కొట్టే వాక్యాన్ని కొట్టాయి:
సంబంధిత అధికారులు స్పందించి
తగు చర్యలు తీసుకోవాలని
స్థానికులు కోరుతున్నారు.

చిత్రమేమిటంటే, దానికే కదిలారు.
కలెక్టరేట్లో ఎవరో కత్తిరించి ఫైల్లో పెట్టారట.
ఏఈ వచ్చి టేపుతో లోతు చూశాడట.
టేపూ గడా ఒకే లెక్క చెప్పాయని
నాగుల్‌మీరా ఫోన్లో ఒకటే నవ్వు.
తొమ్మిది నెలలకి నాలుగు సిమెంటు తూములు దిగాయి,
శిలాఫలకం మీద పదకొండు పేర్లు.
పేర్లు చదువుతూ పోయాను,
చేత్తో తూము ఎత్తినవాడెవడూ కనపడలేదు.

అవును, చూడ్డానికి వెళ్లాను.
వీక్లీ ఆఫ్ నాడు, కాకుమాను బస్సెక్కి.
రాహేలు ఇంట్లో గోడకి గంజితో అంటించిన మా పేపరు ముక్క
పొయ్యి పొగకి పసుపెక్కింది.
మనవరాలి చేత చదివించుకుందట.
"ఇందులో నేనేడున్నానే?"
"స్థానికులు అనుంది కదా అమ్మమ్మా, అది నువ్వే."
"కోరుతున్నారంటే?"
"అడుక్కుంటన్నారని."

నాకు మజ్జిగ గ్లాసు అందిస్తూ అంది:
"నేను అడుక్కోలేదయ్యా.
కొలిచి చెప్పాను."

గడ ఇప్పుడు దండెమయింది.
మూడో గాటు దగ్గర
ఒక బడి గౌను ఆరుతోంది.

నిన్న రాత్రి మళ్లీ నాగుల్‌మీరా.
తూముల నోట్లో గుర్రపుడెక్క ఇరుక్కుంది,
నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి,
రాహేలు బట్టలు తీసి గడ దించింది.
లైన్లు మళ్లీ ఎక్కువే.
పక్కనే ప్రారంభోత్సవం వార్తలో
బిరుదులన్నీ కొట్టేసి చోటు చేశాను.
కోరుతున్నారు తీసేశాను.
పేరు పెట్టాను.
ఇంటికెళ్లి చాలారోజుల తర్వాత నిద్రపోయాను.

ఆరింటికే ఫోను.
"సార్, రాచేలు అని పడింది. మనిషి రాహేలు."

ఏమంది?

"ఏమంటది సార్, గడ తీసుకుని కాలవ కాడికి పోయింది.
సవరణ వేస్తారా అని నేనే అడుగుతున్నా."

సవరణకి ఒక్క లైను చాలు.
ఇవాళ్టి పేజీకి
ప్రకటనలింకా రాలేదు.